కన్నీళ్ల జపాన్ ధారావాహికను నిదానంగా చూసే పద్ధతి

తొలిప్రేమను, మానని జబ్బును ఒకే కథలో కలిపి చెప్పే జపాన్ ధారావాహికలను తిరుపతి హాస్టళ్లలో, ఇళ్లలో ఇప్పుడు చాలామంది చూస్తున్నారు. అయితే ఎక్కువమంది ఒక శనివారం రాత్రి మొదలుపెట్టి, తెల్లవారేసరికి పది, పదకొండు భాగాలు పూర్తిచేసి, కళ్లు ఉబ్బి, తల నొప్పితో లేస్తారు. అలా చూసినవారిని వారం తరువాత అడిగితే చివరి మరణం తప్ప ఏమీ గుర్తుండదు. ఈ కథల బలం మరణంలో లేదు. దానికి ముందు గడిచే మామూలు రోజులలో ఉంది. ఆ రోజులు మనసుకు పట్టేలా ఎలా చూడాలో తొలిసారి చూడబోయేవారికి చెప్పడమే ఇక్కడి ఉద్దేశం. ఇందుకు 2005లో ఫుజి టెలివిజన్ ప్రసారం చేసిన ‘ఒక లీటరు కన్నీళ్లు’ అనే ధారావాహికను తీసుకుంటున్నాను. ఈ తరహా కథలలో మొదట చూడవలసినది ఇదేనని నా నమ్మకం.

చూడకముందే ముగింపు తెలుసుకోండి. ఇది కొందరికి వింతగా అనిపించవచ్చు గాని, ఈ కథ దాచిపెట్టి ఆశ్చర్యపరచే కథ కాదు. జపాన్‌లోని ఐచి ప్రాంతంలో, తొయొహాషి నగరంలో 1962లో పుట్టిన కితో ఆయా అనే అమ్మాయికి 15వ ఏట నాడీమండలాన్ని క్షీణింపజేసే జబ్బు ఉన్నట్టు తేలింది. చేయి సహకరించినంత కాలం ఆమె రాసుకున్న దినచర్య 1986లో పుస్తకంగా వచ్చింది. 1988లో, 25 ఏళ్ల వయసులో ఆమె మరణించింది. ఆ దినచర్య ఆధారంగా తీసిన ధారావాహికలో ఆయా ఇంటిపేరు ఇకెఉచి. కాలం కూడా 2000ల నాటిది. ఆమెను ప్రేమించే ఆసో హరుతో అనే కుర్రవాడు పూర్తిగా కల్పితపాత్ర. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ప్రేమకథలో ఎంత భాగం రచయితల కోరికో, జబ్బు కథలో ఎంత భాగం ఒక నిజమైన అమ్మాయి అనుభవించినదో విడదీసి చూడగలుగుతాం. ఆ నిజమైన జీవితంలో లేని తోడును కథలోనైనా ఆమెకు ఇవ్వాలనుకున్న వారి మీద నాకు ఎంతో గౌరవం.

ఇక కాలం సంగతి. ఈ ధారావాహిక జపాన్‌లో 2005 అక్టోబరు 11 నుంచి డిసెంబరు 20 వరకు ప్రతి మంగళవారం రాత్రి ఒక భాగం చొప్పున 11 వారాలు సాగింది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు అసలు వానలు పడేదీ ఆ నెలలలోనే కాబట్టి, సాయంత్రాలు బయటకు కదలనివ్వని కార్తీకపు ముసురు దీనికి చాలా అనువైన సమయం. ఎండాకాలంలో చూడవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ కథలో చాలా సన్నివేశాలు దాదాపు నిశ్శబ్దంగా నడుస్తాయి, వాటి మీద ఎయిర్ కూలర్ మోత పడితే సగం పోతుంది. వారానికి ఒకటి చూసే ఓపిక నేటివారికి లేకపోవచ్చు. రాత్రికి ఒకటి చాలు. ఎనిమిదో భాగం తరువాత మాత్రం ఒక రోజు విరామం తప్పక ఇవ్వండి. తిరుపతిలో ఇల్లున్నవారికి మరొక జాగ్రత్త అవసరం: బ్రహ్మోత్సవాలప్పుడు, పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చే తమిళ నెల) శనివారాలలో కొండకు వచ్చే బంధువులతో ఇల్లు నిండి ఉంటుంది, అప్పుడు మొదలుపెడితే మధ్యలో ఆగిపోయి కథతో సంబంధం తెగుతుంది.

అధికారికంగా దొరికే చోటనే, జపనీస్ ధ్వనితోనే చూడండి. వేరే భాషలో డబ్బింగ్ చేసినది దొరికినా వద్దు, ఎందుకంటే జబ్బు ముదిరేకొద్దీ ఆయా మాట ఎలా మొద్దుబారుతుందో, ఒక్కొక్క పదానికి ఆమె ఎంత శ్రమ పడుతుందో నటి సవాజిరి ఎరికా గొంతులోనే వినాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక భాగం ముగియగానే తరువాతిది దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ఫోనులోనో టీవీలోనో ఆపివేయండి. ప్రతి భాగం చివర పేర్లు నడుస్తున్నప్పుడు నిజమైన కితో ఆయా ఫొటోలు, ఆమె దినచర్యలోని వాక్యాలు కనిపిస్తాయి. ఆ రెండు నిమిషాలు దాటవేసినవారు ఈ ధారావాహికను చూసినట్టే కాదని నా అభిప్రాయం.

తెర కింద వచ్చే ఇంగ్లీషు అనువాదాన్ని వేగంగా చదవలేని పెద్దవాళ్లతో కలిసి చూడవలసి వస్తే, ఒకరు చదివి తెలుగులో చెప్పే పని తీసుకోవాలి. ప్రతి మాటా చెప్పనక్కరలేదు. భోజనాల దగ్గర అమ్మ ముఖం, గుమ్మం దగ్గర నాన్న ఆగిపోవడం ఏ భాషలోనైనా అర్థమవుతాయి. ముందుగా రెండు సంగతులు చెప్పి ఉంచితే చాలు. ఆ ఇంటివారిది తోఫు దుకాణం. తోఫు అంటే సోయా పాలను విరగగొట్టి చేసే, మన పన్నీరు లాంటి పదార్థం. రెండోది, అక్కడ బడిలో తోటివారిని సాధారణంగా ఇంటిపేరుతో పిలుస్తారు గనుక, ఒక కుర్రవాడు ఒక అమ్మాయిని పేరు పెట్టి పిలవడం వారి చనువులో ఒక మెట్టు.

మన ప్రేక్షకులకు జబ్బుతో ముడిపడిన ప్రేమకథ కొత్త కాదు. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’, 1989 నాటి ‘గీతాంజలి’ చూసి ఏడ్చిన తరాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఆ అలవాటుతో కూర్చున్నవారు పెద్ద సంభాషణ కోసం, పాట కోసం ఎదురుచూసి, మొదటి రెండు భాగాలలో ఏమీ జరగడం లేదని విసుక్కుంటారు. నిజానికి అక్కడే చాలా జరుగుతుంది. పరుగెత్తుతూ పడిపోయిన ఆయా చేతులు ముందుకు చాపకుండా నేరుగా గడ్డం మీద పడడం ఒక్కసారే చూపిస్తారు, దాని అర్థం తల్లికీ వైద్యుడికీ తరువాత తెలుస్తుంది. కాబట్టి ముఖాల కంటే చేతులను, కాళ్లను ఎక్కువగా గమనించండి. మెట్లు దిగేటప్పుడు ఆమె గోడను ఎప్పుడు పట్టుకోవడం మొదలుపెట్టిందో, మొదట ముఖం చిట్లించుకునే చెల్లెలు ఆకో ఏ రోజు నుంచి మారిందో చూడండి. ఆకో పాత్రను నేను ప్రేమకథ కంటే పై మెట్టులో ఉంచుతాను. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చినప్పుడు మిగిలిన పిల్లలకు తల్లిదండ్రుల ధ్యాస ఎలా తగ్గిపోతుందో, ఆ లోటును పిల్లలు కోపంగా ఎలా బయటపెడతారో అంత నిజాయితీగా చెప్పిన కథలు తక్కువ.

వైద్యుడు జబ్బు పేరును ముందు తల్లికి చెప్పే సన్నివేశం వచ్చినప్పుడు మన ప్రాంతంవారికి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. చిత్తూరు వైపు ఎవరికైనా వేలూరులోని పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారని వింటే చాలు, ఇంటిల్లిపాదీ మౌనమైపోతుంది; అక్కడి నుంచి తిరిగివచ్చాక జబ్బు పేరు రోగికి తప్ప అందరికీ తెలిసి ఉండడమూ మనం చూసినదే. ఆయా తల్లిదండ్రులు కూడా మొదట దాచుతారు, తరువాత వైద్యుడి ఎదుట కూతురితోపాటు కూర్చుంటారు. మా అవ్వ ఆ చోట, “ఆ బిడ్డకు యాల చెప్పినాడు ఆ డాక్టరు?” అని కోప్పడింది. కుటుంబంతో చూసేవారు ఇక్కడ కాసేపు ఆపి మాట్లాడుకోవడం మంచిది. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో సమాధానం ఇస్తుంది, ఆ సమాధానాలు వినడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఇంట్లో తేలికగా దొరకదు.

జబ్బు గురించి కొంత తెలిసి ఉంటే అనవసరమైన భయం తగ్గుతుంది. చిన్నమెదడులోను, వెన్నుపాములోను ఉండే నాడీకణాలు క్రమంగా నశించడం వల్ల నడక తూలడం, చేతిరాత చెదరడం, మాట ముద్దకావడం, మింగడం కష్టమవడం వరుసగా వస్తాయి. ఆలోచన, జ్ఞాపకం మాత్రం చాలావరకు నిలిచే ఉంటాయి; తనకు ఏం జరుగుతున్నదో ఆయాకు పూర్తిగా తెలుస్తూ ఉండడమే ఈ కథలోని అసలు బాధ. ఇది అరుదైన జబ్బు. ధారావాహిక చూసిన వారం రోజుల పాటు కాలు తడబడినప్పుడల్లా కొందరు గుండెలు పట్టుకుంటారు, అలా భయపడనక్కరలేదు. నడకలో తూలు నెలల తరబడి ఉండి పెరుగుతూ ఉంటే మాత్రం తిరుపతిలో స్విమ్స్ వంటి పెద్దాసుపత్రిలో నాడీవైద్యులను కలవడమే సరైన పని. ఇటీవల ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవారు, ఆస్పత్రిలో ఒకరిని ఉంచి తిరుగుతున్నవారు దీన్ని ఇప్పుడు మొదలుపెట్టవద్దు. ధారావాహిక ఎక్కడికీ పోదు.

చివరి భాగాలకు ప్రత్యేకంగా ఒక సూచన. మాట పోయిన ఆయా అక్షరాల పలక మీద వేలితో ఒక్కొక్క అక్షరాన్నే చూపి తన మనసు చెబుతుంది. కింద తెర మీద అర్థం ముందే వచ్చేసినా కళ్లు అటు పోనివ్వకండి, ఆ వేలినే చూడండి. ఎదుటివారు ఎంతసేపు, ఎంత ఓపికగా ఎదురుచూస్తున్నారో అప్పుడే తెలుస్తుంది. హరుతోకు ఆమె మీద ఉన్న ప్రేమ ఎంతటిదో నాకు ఆ ఎదురుచూపులోనే అర్థమైంది. ఏడుపు వస్తే ఆపుకోవద్దు, పక్కనున్నవారిని చూసి నవ్వవద్దు, ముఖ్యంగా మగపిల్లలను. ఫోను చేతిలోకి తీసుకుని ఎవరికో సందేశం పంపడం మొదలుపెడితే ఆ సన్నివేశం ఇక మళ్లీ అలాగే దొరకదు.

11వ భాగం ముగిశాక అదే వారంలో ఇలాంటి కథ మరొకటి అందుకోకండి, రెండు కథలూ కలిసిపోతాయి. ఒక నెల తరువాత చూడాలనిపిస్తే 2022లో వచ్చిన ‘మిగిలిన పదేళ్లు’ అనే సినిమా ఉంది. ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడి పెరిగే జబ్బుతో పదేళ్లే బతుకుతానని తెలిసిన యువతి కథ అది; మూలనవల రాసిన కొసాకా రుకా కూడా అదే జబ్బుతో 2017లో కన్నుమూశారు. రెండు గంటల సినిమా కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, కాని ఎవరితో కలిసి 11 భాగాలూ చూశారో వారితోనే చూడండి.