తోసేది మీరు, తిరిగొచ్చేది వాళ్లు: స్మాష్ అల్టిమేట్‌లో ఎడ్జ్ గార్డింగ్ చిక్కులు

ప్రత్యర్థిని స్టేజీ బయటికి కొట్టడంతో సగం పనే అయినట్టు. మళ్లీ ఎక్కి రాకుండా అడ్డుకోవడమే ఎడ్జ్ గార్డింగ్. 2018లో నింటెండో స్విచ్‌కు వచ్చిన పోరాట వీడియో గేమ్ సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో ఈ పని దగ్గర చాలామంది తడబడే చోట్లు ఇవి.

సమస్య: వెంటపడి దూకితే అతను పైకొస్తాడు, నేను కిందపడి చస్తాను.

కారణం: వెళ్లడానికే డబుల్ జంప్ (గాల్లో వేసే రెండో గెంతు) ఖర్చు చేస్తున్నారు. తిరుగు ప్రయాణానికి ఛార్జీలు మిగలడం లేదు.

పరిష్కారం: అంచు నుంచి నడుస్తూ జారండి, ఒక్క దెబ్బ వేయండి, డబుల్ జంప్‌తో వెనక్కి రండి. ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థిని పట్టించుకోకుండా ఇదొక్కటే చేయండి. పదిసార్లు వెళ్లి పదిసార్లూ ప్రాణాలతో రావాలి. విసుగు పుట్టించే సాధనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

సమస్య: దెబ్బ తగులుతుంది, అయినా తిరిగొస్తాడు.

కారణం: మీరు అతని బొమ్మను చూస్తున్నారు, అతని దగ్గర ఏం మిగిలిందో లెక్కపెట్టడం లేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దెబ్బ తిన్నవాడికి అప్ స్పెషల్ (పైకి ఎగరడానికి వాడే ప్రత్యేక కదలిక) మళ్లీ దక్కుతుంది. వాడేసిన డబుల్ జంప్ మాత్రం నేల మీద దిగేదాకానో అంచు పట్టుకునేదాకానో రాదు. కాబట్టి ముందు లాక్కోవలసింది ప్రాణం కాదు, ఆ జంపు.

పరిష్కారం: మా తమ్ముడు ఫాక్స్‌తో ఆడతాడు, నేను మారియోతో. మొదట్లో అతను బయట కనిపించగానే స్పైక్ (నేరుగా కిందికి పడగొట్టే దెబ్బ) ఆశతో ఫార్వర్డ్ ఎయిర్, అంటే గాల్లో ముందుకు కొట్టే దెబ్బ, విసిరేవాణ్ణి. ఆ దెబ్బ నిదానం. అతను తాపీగా నా నెత్తి మీదుగా దూకి వచ్చేవాడు. ఇప్పుడు అంచు దాకా ఒక చిన్న గెంతు వేసి, ఏమీ కొట్టకుండా స్టేజీ మీదే దిగుతాను. అతను కంగారుపడి డబుల్ జంప్ వాడేస్తాడు. ఇక మిగిలింది అతని అప్ స్పెషల్ ఫైర్ ఫాక్స్. దూసుకొచ్చే ముందు గాల్లో మంటలతో కాసేపు ఆగాలి. మారియో నీటి పిచికారీ ఫ్లడ్‌లో ముందే నింపి పెట్టుకున్న నీళ్లను అప్పుడు వదులుతాను. నీళ్లకు దెబ్బ ఏమీ ఉండదు, కానీ అతను అంచుకు చేయందనంత దూరం జరుగుతాడు. తమ్ముడు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

సమస్య: అంచు పట్టుకునే క్షణంలో కొట్టినా తగలదు.

కారణం: సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) నడిచే ఆటలో, చేయి అంచుకు తగిలాక దెబ్బ తగిలే వీలు 2 ఫ్రేములే. ఆ తర్వాత కాసేపు అతనికి రక్షణ ఉంటుంది.

పరిష్కారం: కిందికి సాగి ఎక్కువసేపు నిలిచే దెబ్బ మీ పాత్రకు ఉంటేనే ప్రయత్నించండి. లేకపోతే రెండడుగులు వెనక్కి జరిగి, లేవడం, దొర్లడం, కొట్టడం, దూకడంలో అతను తరచూ ఏది ఎంచుకుంటాడో గమనించండి. ఈ వరుసలోని 2001 నాటి ఆట మెలీలోలా ముందే అంచుకు వేలాడి దారి మూసేద్దామనుకోకండి. ఇక్కడ రెండోసారి పట్టుకున్నవాడే మొదటివాణ్ణి తోసేస్తాడు.

సమస్య: అడ్డుకోబోతే అతని అప్ స్పెషల్ తగిలి, స్టేజీ పక్క గోడకు కొట్టుకుని నేనే పోతున్నాను.

పరిష్కారం: ఎగిరిపోకుండా నిలదొక్కుకోవడానికి, గోడకు తగలబోయే ముందు షీల్డ్ బటన్ నొక్కండి. మరీ బలమైన దెబ్బకు అదీ పనిచేయదు. అలాంటి అప్ స్పెషల్ ఉన్నవాళ్ల దగ్గర అంచు కింద తచ్చాడకండి.