అరుదైన ఇంగ్లీషు విశేషణాలు – 7వ పాఠం: లకానిక్

పోయినసారి 'వెర్బోస్', అంటే అవసరానికి మించి మాటలు వాడే, అనే మాటతో మూడు వాక్యాలు రాయమన్నాను. రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పనుంది. ఈసారి మాట దానికి సరిగ్గా ఎదురుది.

మొన్న కోఠిలో ఆటో ఎక్కాను. చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట రైల్వే బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి బండ్లన్నీ ఆగిపోయాయి. నాకు ఒకటే టెన్షన్. "అన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరింటికి ఒకాయన్ని కలవాలి, లేటైతే వెళ్లిపోతాడు, ఇంకో ఐదు నిమిషాల్లో చేరతామా?" అన్నాను. ఆయన వెనక్కి కూడా తిరగలేదు. ముందున్న బస్సు వైపే చూస్తూ, "ఎగిరితే" అన్నాడు.

చేరమని చెప్పాడు, ఎందుకు చేరమో చెప్పాడు, నేనడిగింది ఎంత తెలివితక్కువ ప్రశ్నో కూడా చెప్పేశాడు. అన్నీ ఒక్క మాటలో! అలాంటి జవాబే లకానిక్. "ది డ్రైవర్ గేవ్ ఎ లకానిక్ రిప్లై" అని రాయొచ్చు. పలికేటప్పుడు మొదటి 'ల'ని తేలిగ్గా వదిలేసి 'కా'ని ఒత్తి పలకండి.

గ్రీసు దక్షిణాన లకోనియా అనే ప్రాంతం ఉంది. అక్కడి ముఖ్య నగరం స్పార్టా. స్పార్టావాళ్లు యుద్ధానికి ఎంత పేరుపడ్డారో, మాటల పొదుపుకీ అంతే పేరుపడ్డారు. అలెగ్జాండర్ తండ్రి, మాసిడోనియా రాజు రెండో ఫిలిప్, 'లకోనియాలోకి వచ్చానంటే మిమ్మల్నందరినీ వెళ్లగొడతాను' అని కబురు పంపాడట. వాళ్ల జవాబు: 'ఇఫ్'. అంతే. ఇది ప్లూటార్క్ రాసిపెట్టిన కథ.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? మన దగ్గర 'ఇఫ్' విడిగా నిలబడదు, క్రియ వెనక 'తే' అని తోకలా అంటుకుంటుంది. కాబట్టి స్పార్టావాళ్లు తెలుగువాళ్లైతే "వస్తే!" అనేవాళ్లు. మా ఆటో అన్న కూడా ఆ తోకతోనే పని కానిచ్చాడు.

తెలుగులో దీనికి దగ్గరి మాట 'ముక్తసరి'. చూడ్డానికి సంస్కృతంలా ఉంటుంది గానీ కాదు. అరబ్బీలో పుట్టిన 'ముఖ్తసర్' ఉర్దూ మీదుగా మన నోట పడి ఇలా మారింది. అయితే రెంటికీ ఒక తేడా ఉంది. 'ముక్తసరిగా మాట్లాడాడు' అంటే మనసులో ఏదో పెట్టుకున్నాడనే అనుమానం వస్తుంది. లకానిక్‌లో ఆ ముభావం ఉండి తీరాలని లేదు, చాలాసార్లు చమత్కారమే ఉంటుంది.

ఈ మాటని మనిషికి, జవాబుకి, రాసే తీరుకి, హాస్యానికి వాడొచ్చు. పది నిమిషాల్లో ముగిసిన మీటింగుని మాత్రం లకానిక్ అనకండి, అది 'బ్రీఫ్'. అసలు నోరే విప్పనివాడు 'టాసిటర్న్'. దూరం వినగానే "నక్కో" (వద్దు) అనేసి ఆటో ముందుకు పోనిచ్చేవాడిది లకానిక్ కాదు, 'కర్ట్', అంటే పెడసరం. లకానిక్‌నీ కర్ట్‌నీ కలిపేసేవాళ్లు చాలామంది. నేనూ కొన్నేళ్లు కలిపేశాను.

క్రియా విశేషణం కావాలంటే లకానికల్లీ: "ఇఫ్ వి ఫ్లై, హి సెడ్ లకానికల్లీ."

ఇప్పుడు ఆ పాత కాగితం తీయండి. మీరు రాసిన మూడు వాక్యాలూ ఎవరో మీతో అంటున్నారనుకుని, ఒక్కోదానికి ఒకటి రెండు మాటల్లో జవాబు రాయండి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. ఆదివారం ఆఫీసుకు రమ్మని మేనేజరు పెట్టిన పొడుగాటి మెసేజీకి కూడా ఒకటి రాయండి. 'కుదరదు' అని రాస్తే మార్కుల్లేవు, అది కర్ట్.