కొండ నడక పాఠాలు – 3: పాత సీసపు గనుల మీదుగా దారి చదవడం

గత రెండు భాగాలలో బ్రిటన్ పటాల సంస్థ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటాన్ని మడత విప్పి దిక్కుకు సరిచేసి పట్టుకోవడం, కాంటూరు రేఖలను బట్టి ఎత్తుపల్లాలను అంచనా వేయడం నేర్చుకున్నాము. అక్కడ ఎంచుకున్న కొండలను గాలి, నీరు, మంచుగడ్డలు మాత్రమే చెక్కాయి గనుక పటానికీ కంటికీ పెద్దగా తగవు రాలేదు. ఈ భాగానికి ఎంచుకున్న నేల అటువంటిది కాదు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవనంలో, స్వేల్ నదికి ఉత్తరాన పరుచుకున్న మెల్‌బెక్స్ మూర్‌ను (మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బీడునేల) సీసం కోసం శతాబ్దాల పాటు మనుషులు తవ్వారు, కడిగారు, తిరగేసి పోశారు. పటంలో లేని బాటలు ఇక్కడ ఎన్నో కనిపిస్తాయి, వాగు లేని చోట వాగులోయ వంటి పల్లం ఎదురవుతుంది, గుట్ట అనుకున్నది గనిలోంచి తోడిపోసిన రాళ్ళ దిబ్బ అని దగ్గరికి వెళితే గాని తెలియదు. కాబట్టి ఈ నేల మీద దారి తప్పకుండా నడవాలంటే ముందుగా ఇక్కడ జరిగిన పని ఏమిటో, అది ఏ వరుసలో జరిగిందో తెలుసుకోవాలి. ఆ వరుస తెలిసినవారికి ప్రతి మొండిగోడా దారిగుర్తుగా ఉపయోగపడుతుంది.

ముందుగా మార్గం చూద్దాము. గన్నర్‌సైడ్ గ్రామంలో బయలుదేరి, వాగు కోసిన ఇరుకు లోయ అయిన గన్నర్‌సైడ్ గిల్ వెంట ఉత్తరానికి ఎక్కి, లోయ పైభాగంలోని బ్లేక్‌త్వెయిట్ కరిగింపు మిల్లును చూసి, కొంత వెనక్కి వచ్చి తూర్పుగా మూర్ మీదికి ఎక్కాలి. మూర్‌ను దాటి హార్డ్ లెవెల్ గిల్‌లోకి దిగి, ఓల్డ్ గ్యాంగ్ మిల్లు మీదుగా సరెండర్ వంతెన చేరి, అక్కడి నుంచి దక్షిణంగా ‘లో రో’ అనే ఊరి వైపు దిగి, నదీ తీరపు ఊళ్ళ మీదుగా మళ్ళీ గన్నర్‌సైడ్ రావాలి. మొత్తం సుమారు 17 కిలోమీటర్లు. కావలసిన పటం ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 30. ఫోనులోని పటం పనికిరాదని నేను అనను గాని, ఆ చలిలో బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేము. పైగా చిన్న తెర మీద లోయ మొత్తం ఒక్క చూపులో కనబడదు. ఈ పాఠానికి ఆ ఒక్క చూపే ముఖ్యం.

నడకకు ఎంత సేపు పడుతుందో ఇంటి దగ్గరే లెక్క కట్టాలి. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. దాన్ని మన కొలతలలోకి మార్చుకుంటే కిలోమీటరుకు 12 నిమిషాలు, ఎక్కే ప్రతి 10 మీటర్లకు మరొక నిమిషం చొప్పున వేయాలి. ఇది ఆగకుండా నడిచే గట్టివారి లెక్క. శిథిలాల దగ్గర ఆగుతారు, పటం విప్పుతారు, తింటారు గనుక వచ్చిన మొత్తానికి కనీసం సగం కలుపుకోవాలి. మన మార్గంలో ఎక్కుడు దాదాపు 400 మీటర్లు అనుకుంటే నాలుగు గంటల పైచిలుకు వస్తుంది, సగం కలిపితే ఆరు గంటలు దాటుతుంది. డిసెంబరులో ఆ ప్రాంతంలో పగటి వెలుతురు ఎనిమిది గంటలకు మించదు. అందుకే మొదటిసారి వెళ్ళేవారు చలికాలంలో ఈ మార్గం పెట్టుకోవద్దు. నన్నడిగితే మే నెల చివర మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. సీసపు ఖనిజం గెలీనా. అది సున్నపురాతి పొరలలోని నిలువు పగుళ్ళలో సిరలుగా ఉంటుంది, ఈ మూర్‌లో ప్రధానమైన సిరలు దాదాపు తూర్పు పడమరలుగా సాగుతాయి. సిరను పై నుంచి అందుకోవడానికి మూర్ మీద నిలువు గుంతలు తవ్వారు, వాటిని షాఫ్టులంటారు. కింది నుంచి అందుకోవడానికి లోయ అడుగున కొండలోకి అడ్డంగా సొరంగాలు తొలిచారు, వాటిని లెవెళ్ళంటారు. లోపలి నీరు తనంతట తానే బయటికి పారడం, ముడిరాయిని పట్టాల మీద బండ్లతో సులువుగా తేవడం లెవెల్‌తో సాధ్యమయ్యేవి. బయటికి వచ్చిన రాయిని లెవెల్ ముఖద్వారం దగ్గరే కొట్టి, వాగు నీటితో కడిగి, బరువైన ఖనిజాన్ని వేరుచేసేవారు. శుద్ధి చేసిన ఖనిజాన్ని మిల్లుకు తీసుకుపోయి పీట్ (బీడునేలలో తవ్వి ఆరబెట్టి వంటచెరకులా కాల్చే మొక్కల మట్టి) మంటతో కరిగించేవారు. మిల్లు నుంచి వచ్చే పొగను కొండవాలు మీదుగా కట్టిన పొడవైన రాతి పొగగొట్టం పైకి తీసుకుపోయేది. పొగతో పాటు పోయే సీసం ఆ గోడలకు అంటుకుంటే గీకి మళ్ళీ వాడుకునేవారు. అంటే షాఫ్టు పైన ఉంటుంది, లెవెల్ అడుగున ఉంటుంది, కడిగే చోటు లెవెల్ ముందర నీటి పక్కన ఉంటుంది, మిల్లు కూడా నీటిని ఆనుకునే ఉంటుంది, పొగగొట్టం మాత్రం మిల్లు నుంచి కొండ ఎక్కుతుంది. పొగమంచులో మీకు కూలిన పొగగొట్టం ఒకటి తగిలిందంటే దాని వెంట కిందికి దిగితే మిల్లూ, మిల్లు పక్కన వాగూ, వాగు వెంట బాటా దొరుకుతాయి.

గన్నర్‌సైడ్ గిల్ ఎక్కుతున్నప్పుడు ఈ వరుసను కళ్ళతో సరిచూసుకోవచ్చు. 1864లో తవ్వకం మొదలైన సర్ ఫ్రాన్సిస్ లెవెల్ వాగుకు దగ్గరగా, లోయ అడుగున ఉంటుంది. ఈ లోయలోని కడిగే చోట్ల వరుసగా రాతి అరలు నిలిచి ఉంటాయి. ఒక్కొక్క జట్టు తవ్విన ముడిరాయిని ఒక్కొక్క అరలో విడిగా పోసేవారు, ఎందుకంటే జట్టుకు ముట్టే డబ్బు దాని రాయిలోంచి తేలిన ఖనిజాన్ని బట్టి ఉండేది. పటంలో ఇటువంటి చోట ‘లెవెల్’ అనే మాట పక్కన వాడుకలో లేనిదని సూచించే ‘డిస్’ అనే పొట్టి అక్షరాలు ఉంటాయి. ఆ మాట కనిపిస్తే మీరు లోయ అడుగునే ఉన్నారనుకోవచ్చు. ‘షాఫ్ట్’ అని ఉంటే పైన మూర్ మీదో, వాలు మీదో ఉన్నారనుకోవచ్చు. లెవెల్ లోపలికి ఎవరు పిలిచినా వెళ్ళకండి. లోపల చెడుగాలి ఉండవచ్చు, కూలిన రాళ్ళ వెనుక నీరు నిలిచి ఉండవచ్చు.

కడిగే చోట ఒక చిన్న అభ్యాసం చేయండి. గులకలలో తెల్లటి రాళ్ళు రెండు రకాలవి దొరుకుతాయి. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిని రెండు అరచేతులలో ఉంచి తూకం చూడండి. తేలికగా ఉన్నది కాల్సైటు, దాని సాంద్రత నీటికి 2.7 రెట్లు. చేతిని కిందికి లాగుతున్నట్టుండేది బెరైటిస్, 4.5 రెట్లు. రాయలసీమవారికి ఇది కొత్త రాయి కాదు, మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఇదే. గెలీనా సాంద్రత 7.5 రెట్లు కాబట్టి నీటి ప్రవాహంలో మిగతావి కొట్టుకుపోయి అది అడుగున నిలిచేది, అందుకే ఇక్కడ నీరు లేనిదే పని సాగలేదు. చూసిన రాయిని తీసిన చోటే పెట్టేయండి, ఈ శిథిలాలలో చాలా వాటికి చట్టరక్షణ ఉంది. తినే ముందు చేతులు కడుక్కోండి, కాని గనుల దిగువన పారే వాగు నీటితో కాదు, మీ సీసాలోని నీటితో. ఆ వాగు నీరు తాగవద్దు కూడా. సీసం నిండిన ఈ గులకల మీద గడ్డి సరిగా మొలవదు గాని, స్ప్రింగ్ శాండ్‌వర్ట్ అనే చిన్న తెల్లపూల మొక్క మాత్రం గుబుర్లుగా పెరుగుతుంది. పచ్చిక మధ్య ఆ పూల మచ్చ కనిపిస్తే అక్కడ ఖనిజం కడిగారేమోనని చూడవచ్చు.

ఈ పాఠంలో అన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవలసినది హష్‌లను గుర్తించడం. సిర ఎక్కడ ఉందో వెతకడానికి వాలు పైన మట్టిగడ్డలతో కట్ట వేసి నీరు నిలిపి, ఒక్కసారిగా తెంచి వదిలేవారు. ఆ నీరు పైమట్టిని ఊడ్చుకుపోగా సిర బయటపడేది. గునపాలతో తవ్వడం, మళ్ళీ నీరు వదలడం తరతరాలుగా సాగిన చోట వాలు నిలువునా చీలిపోయింది. గన్నర్‌సైడ్ గిల్ తూర్పు వాలు మీద ఉన్న బంటన్ హష్, ఫ్రైయర్‌ఫోల్డ్ హష్ ఇటువంటివే. పటంలో కాంటూరు రేఖలు ఇక్కడ పైవైపు మొన తిరిగి, సరిగ్గా ఉపనది లోయ ఉన్నట్టే కనిపిస్తాయి. తేడా ఒక్కటే, మొనల గుండా నీలి గీత ఉండదు. నేల మీద కూడా అదే పరీక్ష. నిజమైన వాగులోయ అడుగున నీరు పారుతుంటుంది, రాళ్ళు నునుపెక్కి గుండ్రబడి ఉంటాయి. హష్ అడుగున నీటిచుక్క లేకుండా, కోసుగా విరిగిన రాళ్ళు పోగుపడి ఉంటాయి. పైకొసన వంపు తిరిగిన చిన్న మట్టికట్ట ఆనవాలు మిగిలి ఉండవచ్చు. ఎదురు వాలు మీద కూడా అటువంటి చీలికే కనిపిస్తే సందేహం అక్కరలేదు, ఒకే సిర లోయను దాటి అటు సాగిందన్నమాట. వాగులను లెక్కపెట్టుకుంటూ నడిచేవారు హష్‌ను వాగుగా లెక్కేస్తే అక్కడి నుంచి చివరి దాకా లెక్క తప్పుతుంది.

మూర్ పైకి చేరాక దృశ్యం మారిపోతుంది. హెదర్ పొదల మధ్య విశాలంగా పరుచుకున్న బోడి గులక, దాని మీద అడ్డదిడ్డంగా బండిబాటలు. వీటిలో కొన్ని గనులవి, కొన్ని గ్రౌజ్ పిట్టల వేటగాళ్ళ వాహనాలవి. ఆ వేట ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 దాకా సాగుతుంది, ఆ రోజులలో కాలిబాటల మీద నడిచే హక్కు అలాగే ఉన్నా వేట జరుగుతున్న చోట కాసేపు ఆగి చెప్పించుకుని దాటడం మర్యాద. వెడల్పుగా ఉందని ఏ బాటనూ నమ్మకండి. పటంలో ఆకుపచ్చ చుక్కగీతగా ఉన్న దారి ఏ దిక్కుకు పోతుందో చూసి, దిక్సూచితో ఆ దిక్కును పోల్చుకోండి. బ్రిటన్‌లో ఇప్పుడు అయస్కాంత ఉత్తరానికీ పటంలోని గీతల ఉత్తరానికీ మధ్య తేడా చాలా తక్కువ గనుక, ఈ పాఠానికి దాన్ని పట్టించుకోనక్కరలేదు.

సిరలు తూర్పు పడమరలుగా సాగుతాయని చెప్పుకున్నాము గదా, వాటి మీద తవ్విన షాఫ్టులూ అదే వరుసలో ఉంటాయి, అది ఇక్కడ అక్కరకు వస్తుంది. మధ్యలో గుంటపడిన గుండ్రటి దిబ్బలు ఒకదాని తరువాత ఒకటి వరుసలో కనిపిస్తే మీరు సిర వెంట నడుస్తున్నారన్నమాట. అయితే వరుసను దూరం నుంచే చూడండి, దిబ్బ ఎక్కకండి. పాత షాఫ్టుల మీద అడ్డంగా వేసిన దుంగలు కుళ్ళిపోయి, పైన మట్టీ హెదరూ కమ్ముకుని, మామూలు నేలలాగే ఉండవచ్చు. లోతు తెలుసుకోవాలని రాళ్ళు విసిరే సరదా కొందరికి ఉంది, అంచున నిలబడితే గాని రాయి విసరలేరు గనుక అది నాకు బొత్తిగా నచ్చని సరదా.

దాటిపోకుండా ఆపే గుర్తు ఒకటి ముందే ఎంచుకోవాలన్నది ఇక్కడ పాటించవలసిన నియమం. తూర్పుగా నడిస్తే నేల హార్డ్ లెవెల్ గిల్‌లోకి దిగుతుంది, బాట లెవెల్ హౌస్ వంతెన దగ్గర వాగును చేరుతుంది. పొగమంచులో కొంచెం ఎగువన తేలినా, దిగువన తేలినా వాగు మాత్రం తప్పదు. వాగు తగిలాక కుడికి తిరిగి పారే నీటి వెంట దిగితే ఓల్డ్ గ్యాంగ్ మిల్లు వస్తుంది. చిమ్నీ నిలిచి ఉంది. మిల్లుకు పై వాలు మీద రెండు వరుసల రాతి స్తంభాలు కనిపిస్తే గుడి మండపం అనుకునేరు, అది పీట్ నిలవచేసిన కొట్టం. పొడవు 390 అడుగుల చిల్లర, వెడల్పు 21 అడుగులు. పీట్‌కు గాలి తగిలి ఆరాలి గనుక పక్కగోడలు లేకుండా స్తంభాలే కట్టి, పైన హెదర్‌తో కప్పు వేశారు. 1880ల నాటికి స్పెయిన్ వంటి దేశాల నుంచి చౌక సీసం రావడంతో ధర పడిపోయి, గనులు మూతపడి, లోయలోని కుటుంబాలు డరమ్ బొగ్గుగనులకూ లంకషైర్ నూలుమిల్లులకూ వలస పోయాయి. అక్కడి నుంచి సరెండర్ వంతెన దాకా బాట తేటగా ఉంటుంది, తడబడవలసిన పని లేదు.

ప్రమాదం వస్తే 999కు ఫోను చేసి పోలీసులను అడిగి, వారి ద్వారా కొండలలో చిక్కుకున్నవారిని కాపాడే మౌంటెన్ రెస్క్యూను కోరాలి. సిగ్నలు లేకపోతే ఈలతో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసాలు ఇవి. గన్నర్‌సైడ్ నుంచి బ్లేక్‌త్వెయిట్ మిల్లుకు బాట వెంట దూరాన్ని దారంతో కొలవండి, పటం మీద 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. దూరం నాలుగున్నర కిలోమీటర్లు, ఎక్కుడు 170 మీటర్లు వస్తే నైస్మిత్ లెక్కన 54 నిమిషాలు, 17 నిమిషాలు కలిసి 71 నిమిషాలు కావాలి; మీ కొలత వేరుగా ఉంటే మీ కొలతతోనే లెక్క కట్టండి. తరువాత లోయ రెండు వైపులా కాంటూరు రేఖలు మొన తిరిగి నీలి గీత లేని చోట్లన్నీ పెన్సిలుతో చుట్టి, వాటిలో పటం హష్ అని పేరు పెట్టినవి ఎన్నో సరిచూడండి. చివరగా మెల్‌బెక్స్ మూర్ మీద ఒక కిలోమీటరు గడిని ఎంచుకుని, అందులోని షాఫ్టు గుర్తుల మీదుగా స్కేలు పెట్టి గీత గీయండి, అది ఏ దిక్కుకు పోతుందో రాసుకోండి. వచ్చే భాగంలో ఆ గీతనే ఆధారంగా తీసుకుని, ఎదుట ఏమీ కనబడని పొగమంచులో దిక్సూచితో బేరింగు, అంటే పోవలసిన దిక్కు కోణం, తీసి నడవడం చూద్దాము. అడుగు పారదర్శకంగా ఉండి, తిరిగే చక్రం ఉన్న దిక్సూచి ఒకటి సమకూర్చుకోండి.