మిడతలకు బూజు మందు కొట్టే ముందు ఇవి చూసుకోండి

తొలకరి పడి గట్ల మీద పచ్చిక లేచిందంటే ఆనందపురం, పద్మనాభం వైపు పొలాల్లో మిడత పిల్లలు గెంతడం మొదలవుతుంది. గట్టు మట్టిలో పెట్టిన గుడ్లు వాన తడికి పొదిగి పిల్లలవుతాయి. మిడతలకి జబ్బు తెచ్చి చంపే బూజులతో చేసిన మెటారైజియం, బవేరియా లాంటి బూజు మందులు కొట్టాలంటే ఇదే అదను. రెక్కలొచ్చాక కొడితే సగం పక్క చేలోకి ఎగిరిపోతాయి.

ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న బూజు విత్తనం. నిరుడు నేను రెండు కిలోలు ముందే తెచ్చి మోటారు షెడ్డులో రేకు కింద పెట్టాను. పది రోజులు మన విశాఖ ఎండకి, ఉక్కకి ఉడికింది. కొట్టాక రెండు వారాలు చూసినా మిడతలు అలాగే ఉన్నాయి. కొట్టువాడితో గొడవ పెట్టుకున్నాను కూడా, తప్పు నాదైతే! తయారీ తేదీ, గడువు చూసి, కొట్టే ముందురోజే కొనండి. నీడన, చల్లగా ఉంచండి.

మాంకోజెబ్, కార్బెండాజిమ్ లాంటి తెగులు మందులు బూజుని చంపడానికే ఉన్నాయి. వాటిని దీనితో కలపొద్దు, అవి పోసిన ట్యాంకు శుభ్రంగా కడగకుండా వాడొద్దు. మోతాదు సాధారణంగా లీటరు నీటికి 5 గ్రాములు చెబుతారు, అయినా ప్యాకెట్ మీద రాసిందే లెక్క. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పడనివాళ్లు ఉంటారు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ విత్తనాల్ని చంపేస్తాయి కాబట్టి పొద్దు వాలాక కొట్టండి. మన గాలిలో తేమకి కొదవ లేదు, అది కలిసొస్తుంది. జడివాన వచ్చేలా ఉంటే మాత్రం ఆగండి, కడుక్కుపోతుంది.

తర్వాత ఓపిక పట్టాలి. విత్తనం మిడత చర్మం మీద మొలిచి, లోపలికి చొచ్చుకుని చంపడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. జబ్బు పట్టిన మిడత ఎండలో కూర్చుని, జ్వరం తెచ్చుకున్నట్టు ఒళ్లు కాచుకుని బూజుని నెమ్మదింపజేస్తుంది కూడా. అందుకే ముసురు రోజుల్లో పని త్వరగా అవుతుంది. మూడో రోజుకే టెన్షన్ పడి పురుగు మందు పట్టుకోవద్దు.

పట్టుపురుగులు పెంచేవాళ్ల మల్బరీ తోట దగ్గర బవేరియా అసలు వద్దు. పట్టుపురుగులకి వచ్చే సున్నపుకట్టు రోగానికి ఈ బూజే కారణమని 1835లో ఇటలీ శాస్త్రవేత్త అగొస్టినో బస్సీ చూపించాడు. బవేరియా బాసియానా పేరులో ఉన్నది ఆయనే.

చచ్చిన మిడతల్ని రెండు మూడు ఏరి, తడి గుడ్డ వేసిన డబ్బాలో పెట్టండి. కొన్ని రోజులకి మెటారైజియం అయితే ఆకుపచ్చ పొడి, బవేరియా అయితే తెల్ల బూజు పైకి వస్తుంది. నల్లబడి కుళ్లు వాసన కొడితే అవి వేరే కారణంతో చచ్చినట్టే.