గొంతు ట్యూబులో రక్తం కనిపిస్తే

హన్మకొండలో మా బాపుకు ఊపిరి అందడానికి గొంతుకు కన్నం పెట్టి ట్యూబు (ట్రాకియాస్టమీ) వేసి 16వ రోజు. కళ్లె లాగే సక్షన్ పైపు తీస్తే చెంచాడు ఎర్రటి రక్తం వచ్చింది, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. "ఆగింది కదరా, పొద్దున చూద్దాం" అంది అమ్మ. నేను వినలేదు, 108కి ఫోన్ చేశాను.

కళ్లెలో సన్నటి గులాబీ చార వేరు. పైపు గీరుకున్నా, ఫ్యాన్ గాలికి లోపల ఎండిపోయినా అది వస్తుంది. పైపు డాక్టర్ చెప్పిన లోతుకే దింపాలి (నేను మార్కర్‌తో గీత పెట్టుకున్నా), 10 సెకన్లు మించొద్దు, ట్యూబుకు తేమ అందాలి. చార తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పాలి.

తాజా రక్తం వస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే. గుండె నుంచి పైకొచ్చే పెద్ద రక్తనాళం ఒకటి శ్వాసనాళం ముందు నుంచే పోతుంది. ట్యూబు కొసో, దాని చుట్టూ గాలి నింపే బెలూనో ఒరుసుకుంటే దానికి కన్నం పడొచ్చు. మొదటి 3, 4 వారాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. చాలామందిలో ముందు కొంచెం కారి ఆగుతుంది, తర్వాత ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే ఆగినా నమ్మొద్దు.

పొంగితే ట్యూబు పీకొద్దు. 108కి చెప్పి, సక్షన్‌తో ఊపిరి దారి తెరిచి ఉంచాలి. బెలూన్‌లో సిరంజితో ఇంకాస్త గాలి నింపితే ఒక్కోసారి నాళం నొక్కుకుని రక్తం తగ్గుతుంది. ఆ సిరంజి పని డిశ్చార్జి రోజే నర్సు దగ్గర నేర్చుకోండి.

బాపుకు స్కాన్‌లో నాళం బాగానే ఉంది. ట్యూబు కొస గోడకు తగులుతోందని వేరే పొడవుది వేశారు. ఇప్పుడు మంచం పక్క గోడకు ట్యూబు సైజు, వేసిన తేదీ రాసిన చీటీ ఉంది. అంబులెన్స్ వాళ్లు మొదట అడిగింది అదే.