ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని చుట్టూ నీటి పర్యవేక్షణ: లక్షణం, కారణం, పరిష్కారం

గోదావరి లోయలోని సింగరేణి ప్రాంతం వంటి చోట ఓపెన్‌కాస్ట్ గని (నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే గని) పక్కన బావులను, వాగులను కొలిచేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులు ఇవి. ప్రతి లక్షణానికీ కారణాలు ఒకటికి మించి ఉంటాయి కనుక, వాటిని వేరుచేసే పరీక్షకే ఇక్కడ ఎక్కువ చోటు ఇవ్వడమైనది.

లక్షణం: ఊరి బావుల్లో నీటిమట్టం ఏటేటా దిగిపోతోంది

తవ్వకం బరాకర్, కామ్ఠీ అనే రాతి శ్రేణుల ఇసుకరాళ్ళలోని నీటిమట్టం కన్నా కిందికి వెళ్ళాక, సంప్‌లో (గుంత అడుగున నీరు చేరే గొయ్యిలో) చేరే ఊటనీటిని రాత్రింబవళ్ళు తోడక తప్పదు. దానితో గుంత చుట్టూ భూగర్భ జలమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. అయితే అదే ఏడు వాన తక్కువ పడి ఉండవచ్చు, యాసంగి వరికి బోర్లు ఎడతెరిపి లేకుండా నడిచి ఉండవచ్చు. మూడింటి ప్రభావమూ గ్రాఫులో కిందికి దిగే గీతగానే కనిపిస్తుంది కనుక, గీతను చూడగానే గనిని నిందించడమూ, వానలు లేవన్న ఒక్కమాటతో గనిని తప్పించడమూ రెండూ తొందరపాటే.

మొదట, గని ప్రభావం చేరనంత దూరంలో, అదే రాతిపొరలో, అదే లోతులో ఉన్న పోలిక బావి రికార్డును పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేలా దిగి వానాకాలం తరువాత ఒకేలా కోలుకుంటే కారణం వర్షాభావమే. పోలిక బావి కోలుకుని, గని వైపు బావి మాత్రం కోలుకోకుండా గుంత లోతు పెరిగినకొద్దీ దిగుతుంటే కారణం గని అనవచ్చు. బోర్ల ప్రభావం మట్టాన్ని గంటగంటకూ తానే నమోదు చేసే పరికరమైన లాగర్‌లో రంపపు పళ్ళలా కనిపిస్తుంది, ఎందుకంటే మోటారు ఆగిన వెంటనే మట్టం కొంత లేస్తుంది. పర్యావరణ అనుమతుల షరతుల ప్రకారం సాధారణంగా మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో తీసే నాలుగు కొలతలలో ఈ తేడా దొరకదు. షరతు నెరవేరుతుంది గానీ తగవు తీరదు. ఈ లోయలో భ్రంశాలు (రాతిపొరలు విరిగి పక్కకు జరిగిన చోట్లు) ఎక్కువ కావడంతో కుంగుదల అన్ని దిక్కులకూ సమానంగా పాకదనీ, దగ్గరి ఊరు చెక్కుచెదరకుండా దూరపు ఊరు ఎండిపోవచ్చనీ గుర్తుంచుకోవాలి.

కారణం గనియే అయితే తోడకం ఆపడం సాధ్యపడదు, ఆపితే బెంచీలే (గుంత గోడల మెట్లే) కూలే ప్రమాదం ఉంది. సంప్ నీటిని తేర్చి, పరీక్షించి, ఊరి చెరువులకు మళ్ళించడం ఉపయోగకరమే. కానీ చెరువు అడుగున బంకమట్టి ఉంటే ఆ నీరు చేదబావికి అందవచ్చు గానీ లోతు బోరుకు అందదు. అలాంటి ఊరికి కుళాయి నీటి ఏర్పాటే సరైన పరిహారం. చేదబావికీ లోతు బోరుకూ వేరువేరు పీజోమీటర్లు (భూగర్భ నీటిమట్టం కొలిచే సన్నని బోర్లు) జంటగా ఉంటేనే ఈ నిర్ణయం నమ్మదగినదవుతుంది.

లక్షణం: పీజోమీటరు మట్టం కదలడం లేదు, లేదా ఒక్కసారిగా ఎగిరింది

కదలకపోతే జల్లెడ గొట్టం పూడిపోయి ఉంటుంది. కొన్ని లీటర్ల నీరు పోసి, మట్టం మళ్ళీ తగ్గుతోందో లేదో చూడాలి. తగ్గకపోతే గాలి ఒత్తిడితో బోరును శుభ్రపరచాలి. ఎగిరిందంటే గొట్టం మూతి ఎత్తు మారిందేమో, లాగర్ తాడు జారిందేమో చేతి టేపుతో సరిచూడాలి. గాలి పీడనాన్ని సవరించని లాగర్ అయితే ఒక హెక్టోపాస్కల్ మార్పు సుమారు ఒక సెంటీమీటరు నీటిమార్పుగా నమోదవుతుంది.

లక్షణం: వాన పడితే వాగు బురదమయమవుతోంది

ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్ళ) కుప్పల వాలు నుంచి మట్టి కొట్టుకురావడం, గార్లాండ్ డ్రెయిన్ (కుప్పల చుట్టూ తవ్విన కాలువ) తెగిపోవడం, సెటిలింగ్ పాండ్ (బురదనీరు తేరే కుంట) పూడిపోవడం, ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. గని పైన, గని కింద వాగునీటిని ఒకే గంటలో పట్టి పోల్చాలి, లేకుంటే పైనుంచి వచ్చిన బురద కూడా గని ఖాతాలో పడుతుంది. గని నుంచి వదిలే నీటిలో తేలియాడే ఘనపదార్థాల పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు. పాండ్‌ను వానాకాలానికి ముందే పూడిక తీయాలి. సన్నని బంకమట్టి దానంతటది తేరకపోతే మాత్రమే పటిక వాడాలి. కుప్పలపై గడ్డి నిలిచేదాకా డ్రెయిన్‌ను ప్రతి పెద్దవాన తరువాత చూసిరావడం మినహా మార్గం లేదు.

లక్షణం: పీహెచ్ మామూలుగానే ఉంది, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), సల్ఫేటు పెరుగుతున్నాయి

పీహెచ్ బాగుంది కదా అని ఊరుకోరాదు. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలి ఆమ్లమవుతున్నా, రాళ్ళలోని కార్బొనేట్లు దాన్ని తటస్థం చేస్తుంటే సల్ఫేటు, కాఠిన్యం మాత్రమే పెరుగుతాయి. ఈ లోయలో దొరికే గోండ్వానా బొగ్గులో సాధారణంగా గంధకం తక్కువ కనుక ఇక్కడ పీహెచ్ పడిపోవడం అరుదు. గంధకం ఎక్కువున్న మేఘాలయ బొగ్గు సంగతి వేరు. పైరైట్ ఎక్కువున్న పొరలను విడిగా గుర్తించి, గుంత అడుగున పూడ్చి, బంకమట్టితో కప్పాలి.

లక్షణం: నైట్రేటు పెరిగింది

పేలుడు పదార్థాల అమ్మోనియం నైట్రేటు కావచ్చు, పొలాల యూరియా కావచ్చు, ఊరి మురుగు కావచ్చు. అంతకన్నా ముందు రిపోర్టులో నైట్రేటుగా రాశారా, నైట్రోజన్‌గా రాశారా చూడండి. నైట్రోజన్‌గా 10 మిల్లీగ్రాములంటే నైట్రేటుగా సుమారు 44. ఈ గందరగోళం లేదని తేలాక సంప్ నీటిని, పొలం బావిని, మురుగు కాలువను విడివిడిగా పట్టి పోల్చాలి. అమ్మోనియా, నైట్రేటు రెండూ సంప్‌లోనే ఎక్కువగా ఉండి, బ్లాస్టింగ్ తగ్గిన వారాల్లో తగ్గుతుంటే ఒలికిపోయిన, పేలని మందే మూలం. తడిగా ఉన్న బ్లాస్టింగ్ రంధ్రాల్లో నీటిని తట్టుకునే ఎమల్షన్ పేలుడు మందు వాడి, ఒలికినదాన్ని వెంటనే ఎత్తించి, ఆ తరువాతి రెండు మూడు నెలల సంప్ నమూనాలలో ఫలితాన్ని చూడాలి.