స్టెర్న్ డ్రైవ్ మరమ్మతు నేర్చుకుందాం – 4వ పాఠం: ట్రిమ్ కదలకపోతే ముందు వినండి

స్టెర్న్ డ్రైవ్ అంటే ఇంజను బోటు లోపల, ప్రొపెల్లరున్న భాగం బోటు వెనక బయట ఉండే ఏర్పాటు. ఆ బయటి భాగాన్నే ఇక్కడ డ్రైవ్ అంటున్నాం, దాన్ని పైకీ కిందికీ వంచడమే ట్రిమ్. గత పాఠంలో ట్రిమ్ పంపు, దాని రెండు సొలినాయిడ్లు (బటన్ నొక్కితే పంపు మోటారుకు పెద్ద కరెంటు కలిపే స్విచ్‌లు), డ్రైవ్‌కు అటూ ఇటూ ఉండే సిలిండర్లు కలిసి ఎలా పనిచేస్తాయో చూశాం. పైకి బటన్ నొక్కితే మోటారు ఒక వైపు తిరిగి, నూనె సిలిండర్లలోకి వెళ్లి, రాడ్లు బయటికి వచ్చి డ్రైవ్ లేస్తుంది. కిందికి నొక్కితే అదే మోటారు ఎదురు తిరుగుతుంది. ఇవాళ, ఇది కదలనప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకుందాం.

డ్రైవ్ లేవకపోగానే చాలామంది పంపు పోయిందనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే పంపు మార్చాను. కొత్త పంపు బిగించినా డ్రైవ్ కదల్లేదు. చివరికి చూస్తే పంపు ఎర్త్ వైరు కొసన చిలుము పట్టి ఉంది. దాన్ని గీకి బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అందుకే పానా పట్టుకునే ముందు చెవి పెట్టమంటాను. లోపం కరెంటుదా నూనెదా అన్నది సగం వరకు శబ్దమే చెబుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. పైకెత్తిన డ్రైవ్ కిందికి, గట్టి దిమ్మెలు ఆనించకుండా, చెయ్యి కూడా పెట్టొద్దు. పెట్రోల్ ఇంజను బోటయితే ఇంజను గది తెరిచి, బ్లోయర్ (ఆ గదిలోని ఆవిర్లను బయటికి లాగే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు నడిపి, పెట్రోల్ వాసన లేదని చూసుకున్నాకే వైర్ల జోలికి వెళ్లండి. సొలినాయిడ్ దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు.

ఇప్పుడు ఒకరిని బటన్ దగ్గర నిలబెట్టి, మీరు పంపు పక్కన కూర్చోండి.

అసలేమీ వినబడలేదా? సొలినాయిడ్‌కు ఆజ్ఞ అందడం లేదు, లేదా అందినా దాని కాయిల్ పలకడం లేదు. ముందు బ్యాటరీ చూడండి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దేనికీ కరెంటు ఇవ్వకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపాలి. తర్వాత ఫ్యూజులు. మెర్‌క్రూయిజర్ కంపెనీ పంపుల్లో బటన్ సర్క్యూట్‌కు 20 ఆంపియర్ల ఫ్యూజు, పంపు దగ్గర పెద్ద కరెంటుకు 110 ఆంపియర్ల ఫ్యూజు ఉంటాయి. ఫ్యూజు కంటికి బాగానే కనిపించినా మల్టీమీటర్‌తో పరీక్షించండి. తర్వాత బటన్ నొక్కి ఉంచి, సొలినాయిడ్ చిన్న టెర్మినళ్ల మధ్య కొలవండి. వోల్టేజీ ఉండి టక్‌మనకపోతే కాయిల్ పోయింది. వోల్టేజీ లేకపోతే తప్పు బటన్‌లోనో వైర్లలోనో ఉంది.

టక్‌మంటుంది కానీ మోటారు తిరగదు. ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, కాస్త ఆగి చూద్దాం. టక్ అన్న శబ్దం లోపలి రాగి బిళ్ల కదిలిందని మాత్రమే చెబుతుంది, కరెంటు దాటిందని కాదు. బటన్ నొక్కి ఉంచి, సొలినాయిడ్ రెండు పెద్ద బోల్టుల మీద మల్టీమీటర్ పెట్టండి. దాదాపు సున్నా చూపిస్తే కాంటాక్టులు కలుస్తున్నాయి, లోపం మోటారులోనో ఎర్త్‌లోనో ఉంది. 12 వోల్టుల దగ్గర చూపిస్తే కాంటాక్టులు కాలిపోయాయి, ఆ సొలినాయిడ్ మార్చాల్సిందే. ఎర్త్ సంగతి తేలాలంటే బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ మోటారు ఎర్త్ బోల్టుకూ మధ్య కొలవండి. ఒక వోల్టు కనిపించినా అక్కడ చిలుమో వదులు నట్టో ఉందని అర్థం.

కిందికి దిగుతుంది, పైకి లేవదు. ఇలాంటప్పుడు ట్రెయిలర్ బటన్ (బోటును ట్రెయిలర్ మీద ఎక్కించేటప్పుడు డ్రైవ్‌ను పూర్తిగా ఎత్తే బటన్) నొక్కి చూడండి. దానితో లేస్తే పంపు, నూనె బాగున్నట్టే. పైకి బటన్ కరెంటు వెళ్లే దారిలో, డ్రైవ్ పరిమితి దాటి లేవకుండా ఆపే ట్రిమ్ లిమిట్ స్విచ్ ఉంటుంది, ట్రెయిలర్ బటన్ దాన్ని తప్పించుకుని వెళ్తుంది. ఆ స్విచ్ నీళ్లలో మునిగే చోట ఉంటుంది కాబట్టి దాని వైర్లు ఒరుసుకుపోయి తెగడం మామూలే. ట్రెయిలర్ బటన్‌తోనే రోజులు నెట్టుకురావొద్దు. పరిమితి దాటి లేచిన డ్రైవ్‌కు పక్కల ఆసరా ఉండదు, ఆ స్థితిలో వేగంగా నడిపితే విరగొచ్చు. మరొక మాట, ట్రిమ్ గేజ్ (డ్రైవ్ ఎంత లేచిందో చూపే మీటరు) తప్పు చూపిస్తే పంపు, నూనె, సిలిండర్ల మీద అనుమానపడొద్దు. గేజ్‌కు సమాచారం పంపే సెండర్ వేరే భాగం.

మోటారు చక్కగా తిరుగుతుంది, డ్రైవ్ కదలదు. ఇక ఇది నూనె కథ. డ్రైవ్‌ను పూర్తిగా కిందికి దించి మట్టం చూడండి. పైకెత్తి ఉన్నప్పుడు నూనె సిలిండర్లలో ఉంటుంది, అప్పుడు నింపితే దించగానే పొంగి బయటికొస్తుంది. ఏ నూనె పోయాలో మీ బోటు మాన్యువల్ చెప్పినట్టే చేయండి. పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది, మొత్తం మార్చాలి. నూనె పోశాక డ్రైవ్‌ను నాలుగైదు సార్లు పూర్తిగా పైకీ కిందికీ నడిపితే లోపలి గాలి పోతుంది. మధ్యలో మోటారు చల్లారనివ్వండి, మట్టం మళ్లీ చూడండి. మట్టం సరిగ్గా ఉన్నా లేవకపోతే పంపులోపలి వాల్వుల్లో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు.

చివరిది, రాత్రి పైకెత్తి వదిలిన డ్రైవ్ తెల్లారేసరికి దిగిపోవడం. బయట నూనె జిడ్డు ఉందేమో ముందు వెతకండి. లీకు చేత్తో తడమొద్దు, అట్టముక్క వాడండి. బయట తడి లేకపోతే డ్రైవ్‌ను ఎత్తి, దిమ్మెల మీద ఆనించి, బరువు తీసేసి, బ్యాటరీ వైర్లు విప్పండి. పంపు దగ్గర పైకి నూనె తీసుకెళ్లే హోసును నెమ్మదిగా వదులు చేసి తీసి, దాని కొసకు బిరడా బిగించండి. దిమ్మెల్ని కొద్దిగా కిందికి జరిపి చూడండి. డ్రైవ్ నిలిచి ఉంటే లీకు పంపు వాల్వులో. అయినా దిగితే సిలిండర్ సీళ్లలో.

వచ్చే పాఠం ఆ సీళ్లు మార్చడం గురించే. ఈలోగా, ట్రిమ్ బాగా పనిచేస్తున్న రోజున డ్రైవ్ కింది నుంచి పైదాకా లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఆ సమయంలో బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. సీళ్లు మార్చాక పోల్చి చూసుకోవడానికి ఆ రెండు అంకెలూ కావాలి.